నిదానం

'నిదానం' అనే మాటకు తెలుగులో నెమ్మది అని అర్థం. సంస్కృతంలో దానికి మూలకారణమని, రోగనిర్ణయమని అర్థాలున్నాయి. రోగనిర్ణయాన్ని బోధించే 'మాధవ నిదానం' అనే వైద్యగ్రంథానికి ఆ పేరు అందువల్లనే వచ్చింది. కంప్యూటరు నిదానించినప్పుడు మనం చేయవలసిన మొదటి పని దాని నిదానాన్ని తెలుసుకోవడమే.

మా నివాసం జగ్గయ్యపేట, ఉద్యోగం నందిగామలో. పూర్వపు కృష్ణా జిల్లాలోని ఈ మెట్ట ప్రాంతం 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది. ఇక్కడి పాత ఇళ్ల అటకల మీద లభించిన తాళపత్ర ప్రతులను పరిశీలించి, ఒక కావ్యానికి పాఠభేదాలను సేకరించి, ఏళ్ల తరబడి ఇంటి కంప్యూటరులో పొందుపరుస్తూ వచ్చాను. 2022 డిసెంబరు వరకు జరిగిన పనికి నకలు కళాశాలలో ఉంది. ఆ తరువాత చేర్చిన ఐదు నెలల పాఠాలు ఇంట్లోనే ఉన్నాయి. వాటికి మూలమైన తాటాకులలో కొన్ని అప్పటికే చెదల పాలయ్యాయి.

2023 వేసవిలో ఆ ఫైలు తెరుచుకోవడానికి మూడు నిమిషాలు పట్టసాగింది. మరమ్మతుకు వచ్చిన యువకుడు, "ఫార్మాట్ చేసేద్దాం సార్, కొత్తదానిలా పరుగెడుతుంది" అన్నాడు. ఫార్మాట్ అంటే రాసిన పలకను తుడిచివేయడమే. "ముందు నకలు తీద్దాం నాయనా, తరువాత జబ్బేమిటో చూద్దాం" అన్నాను. నకలు రాత్రంతా సాగింది. పాఠాలన్నీ దక్కాయి, పాత ఛాయాచిత్రాలు కొన్ని దక్కలేదు.

మరునాడు పరీక్ష మొదలుపెట్టాము. ఒక్క ఫైలే మందగించిందా, అన్నీ మందగించాయా? ఒక్కటే అయితే దోషం ఆ ఫైలులో ఉండవచ్చు; కాని అన్నీ ఆలస్యంగానే తెరుచుకుంటున్నాయి. ఒకసారి మూసి వెంటనే తెరిస్తే మాత్రం వేగంగా వచ్చింది. ఒకసారి చదివిన సమాచారాన్ని కంప్యూటరు మెమరీలో కొంతసేపు నిలుపుకుంటుంది గనుక, తొలిసారి చదవడంలోనే జాప్యం ఉందని తెలిసింది. తెరిచే ఫైళ్లను యాంటీవైరస్ పరీక్షిస్తుంది. ఇంటర్నెట్ తొలగించి, దానిని కొద్దిసేపు ఆపి చూశాము, మార్పు లేదు. మెమరీ చాలకపోయినా భారం డిస్కుపై పడుతుంది. అయితే టాస్క్ మేనేజరులో మెమరీ సగం ఖాళీగా ఉండగా, డిస్కు మాత్రం నూటికి నూరు శాతం పనిలో ఉన్నట్లు కనిపించింది.

హార్డ్ డిస్కులో పళ్లేలు సాధారణంగా నిమిషానికి 7,200 సార్లు, అనగా సెకనుకు 120 సార్లు తిరుగుతాయి. ఫైలు ముక్కలు వాటిపై చెదిరి ఉంటే, తాడు తెగిన తాటాకుల కట్టలో ఆకులు ఏరుకొని చదివినట్లే అవుతుంది. ఆ ముక్కలను వరుసకు తెచ్చే ప్రక్రియ పేరు డీఫ్రాగ్మెంటేషన్. యువకుడు దానికి పూనుకోబోయాడు. ఇంతలో డిస్కు లోపలి నుండి టిక్కు టిక్కుమనే శబ్దం వినిపించింది. చెడిన చోటును చదవలేక డిస్కు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తున్నదన్నమాట. శిథిలమైన తాటాకులను వరుస పెట్టబోతే విరిగిపోతాయి. అందుచేత ఆ పని మాన్పించాను. వారం తిరగకముందే ఆ డిస్కు మూగబోయింది. దాని స్థానంలో తిరిగే భాగాలు లేని ఎస్.ఎస్.డి. అమర్చాము. ఇప్పుడు ఆ ఫైలు రెండు మూడు సెకన్లలో తెరుచుకుంటోంది.

జగ్గయ్యపేట బౌద్ధస్తూపం వద్ద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలపు స్తంభ శాసనాలు లభించాయి. మూడవ శతాబ్దపు ఆ అక్షరాలు, 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వకాలు జరిపేనాటికీ చదవడానికి వీలుగానే ఉన్నాయి. శిల తన దృఢత్వం వల్ల నిలిచింది. తాటాకుపై రాసిన కావ్యం మాత్రం తరతరాల లేఖకులు తీసిన నకళ్ల వల్ల మనదాకా వచ్చింది. డిస్కు శిల వంటిది కాదు, తాటాకు వంటిది. మీ ఫైలు తెరుచుకోవడానికి తడబడితే విసుగు చెందకండి. మొదట నకలు తీయండి. ఆపై నిదానంగా దాని నిదానాన్ని వెదకండి.