భాషకో పేరు... మనిషికో పేరు!

సాయంత్రం ఓస్లోలో ఓడ ఎక్కి ఓ కునుకు తీస్తే తెల్లారేసరికి కోపెన్‌హాగెన్ వచ్చేస్తుంది. దేశం మారుతుంది కానీ దుకాణాల బోర్డుల మీద మాటలు పెద్దగా మారవు. 1814 దాకా నార్వే, డెన్మార్క్‌లది ఒకే రాజు కింద ఉమ్మడి కాపురం మరి!

పేర్ల దగ్గరే వస్తుంది తమాషా. డెన్మార్క్ భాష ‘డాన్స్క్’, మనిషి ‘డాన్స్కర్’. ఆ లెక్కన నార్వే భాష ‘నోర్‌స్క్’ కాబట్టి మనిషి ‘నోర్‌స్కర్’ అనుకుంటే పప్పులో కాలేసినట్టే. అతను ‘నూర్‌మన్’... అంటే ఉత్తరాది మనిషి. పొరుగున ఉన్న స్వీడన్‌వాసిని డేన్‌లు ‘స్వెన్స్కర్’ అంటే, నార్వేవాళ్లు ‘స్వెన్స్కె’ అంటారు. ఇంగ్లిషులోలా వీటి మొదట పెద్దక్షరం రాయరు. ఆ మర్యాద దేశం పేరుకే!

మనవాళ్లు అక్కడికెళితే ‘ఇండర్’. ‘ఇండియానర్’ మాత్రం అమెరికా మూలవాసి. కొలంబస్ చేసిన పొరపాటును వాళ్లు ఒక్క అక్షరాల తేడాతో సర్దేశారన్నమాట. తమిళనాట ట్రాంక్విబార్‌లో 1620 నుంచి 1845 దాకా కోట కట్టుకుని వ్యాపారం చేసిన డేన్‌లకు అసలు ఇండియా ఏదో బాగానే తెలుసు.

నార్వే ఉత్తరపు కొసకు వెళితే మాత్రం పేరు తమాషా కాదు. అక్కడి జిల్లా ఫిన్‌మార్క్. ఫిన్లాండ్‌వాళ్ల నేల అని కాదు దానర్థం. పూర్వం నార్వేవాళ్లు ‘ఫిన్’ అన్నది రెయిన్‌డీర్‌లను మేపుకునే సామీలను. తర్వాత బయటివాళ్లు ‘లాప్’ అన్నారు. ఆ మాట వాళ్లకు తిట్టుతో సమానం. వాళ్లు తమను పిలుచుకునేది ‘సామీ’ అనే. పేరు ఒక్కటేనా... పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి బడుల్లో వాళ్ల భాషనూ అణిచేశారు. ఇంట్లో అమ్మతో మాట్లాడే మాట తరగతిలో తప్పయింది. ఎన్నో కుటుంబాల్లో ఆ భాష పిల్లలదాకా చేరనే లేదు.

1989లో కరస్యోక్ పట్టణంలో సామీల పార్లమెంటు మొదలైంది. 1997లో అక్కడికే వచ్చి రాజు ఐదో హరాల్డ్ క్షమాపణ చెప్పారు. 2024లో నార్వే పార్లమెంటూ చెప్పింది. ఇప్పుడు నార్వే భాషలో ఆ మనిషి ‘సామె’, అతని భాష ‘సామిస్క్’.

ఆ ఊరికి వెళ్లేవాళ్లకు ముందుగా పలకరించేది దారి పక్క బోర్డు. దానిమీద ‘కరస్యోక్’తో పాటు సామీ పేరు ‘కారాష్‌యొహ్కా’ కూడా ఉంటుంది. బడిలో పోయిన మాట బోర్డు మీదికైనా తిరిగొచ్చింది. ఇక రావాల్సింది పిల్లల నోట్లోకే!