కనెక్షన్ రిఫ్యూజ్డ్

స్టవ్ మీద పాలు. పక్కన గట్టుమీద లాప్‌టాప్. రాత్రి పది దాటింది. తిరుపతి నుంచి ఒక రిసెర్చ్ స్కాలర్ ఫోన్ చేసింది. "అక్కా, మన పత్రికల సైట్ తెరుచుకోవట్లేదు. రేపే నా సెమినార్."

ఆ సైట్‌లో ఉన్నవి పాత స్త్రీల పత్రికల స్కాన్లు. హిందూసుందరి, గృహలక్ష్మి... నా పీహెచ్‌డీ కోసం లైబ్రరీల చుట్టూ తిరిగి, దుమ్ము పీల్చి, పేజీ పేజీ ఫోటో తీసుకున్నవి. ఇప్పుడవి మా డిపార్ట్‌మెంట్ మూలగదిలో ఒక సర్వర్ మీదున్నాయి. ఆ గదికి సాయంత్రం ఐదున్నరకే తాళం పడుతుంది.

వీపీఎన్ కలిపి ముందు పింగ్ కొట్టాను. జవాబొచ్చింది. అంటే మిషన్ బతికే ఉంది, తోవ కూడా ఉంది. తర్వాత వెబ్ సర్వీసు ఉండే 80వ పోర్టు తట్టాను. "కనెక్షన్ రిఫ్యూజ్డ్."

కొత్తలో ఈ మాట చూస్తే మనసు చివుక్కుమనేది. సాహిత్యం చదువుకున్నదాన్ని కదా, ప్రతి మాటనీ మనసుకి తీసుకునే జబ్బు. పోను పోను తెలిసింది, ఇది ఒకరకంగా మంచి కబురేనని. కాదనడానికైనా అవతల ఒకరుండాలి. నేనున్నాను, ఈ తలుపు దగ్గర వినే సర్వీసు మాత్రం లేదు అని మిషన్ చెప్తోంది. భయపడాల్సింది "టైమ్డ్ అవుట్" అన్నప్పుడు. మనం పంపిన ప్యాకెట్లేమయ్యాయో తెలీదు. మిషనే ఆగిపోయిందో, మధ్యలో ఫైర్‌వాల్ మింగేసిందో... ఎంతసేపు ఎదురుచూడాలో మనమే తేల్చుకోవాలి.

మా ఆఫీసు నాతో చేసింది ఆ రెండోదే. సర్వర్‌లోకి వెళ్ళే హక్కు కావాలని మూడు ఉత్తరాలిచ్చాను. ఎవరూ కాదనలేదు. కాదంటే ఎందుకని అడిగేదాన్ని. "చూద్దాం మేడమ్." "మీకెందుకు మేడమ్ ఈ తలనొప్పి." ఒకసారైతే, "సార్‌ని రమ్మనండి, మాట్లాడతాను." ఏ సార్‌ని? డిపార్ట్‌మెంట్‌లో సార్‌నా, ఇంట్లో సార్‌నా? ఆ ఏడు దసరా సెలవుల్లో సర్వర్ పదకొండు రోజులు పడుకుంది. అప్పుడు గొడవపడితే నా పేర ఎకౌంటిచ్చారు, సుడో హక్కుతో సహా.

ఎస్ఎస్‌హెచ్‌లో సర్వర్ దగ్గర పెట్టేది తాళంలాంటిది, ఎవరు చూసినా పర్వాలేదు. తాళంచెవి మాత్రం మన మిషన్ దాటిపోదు. దానికి మళ్ళీ ఒక రహస్యవాక్యం. ఏటీఎం పిన్‌తో సహా నావన్నీ ఇంట్లో అందరికీ తెలుసు. ఈ వాక్యం ఒక్కటే నాకు తప్ప ఎవరికీ తెలీదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను దాచుకున్నది అదొక్కటే అనుకుంటాను.

లోపలికెళ్ళి సిస్టమ్‌సిటిఎల్‌తో అపాచీ స్టేటస్ అడిగాను. "ఫెయిల్డ్." కారణం కిందే రాసుంది, డిస్క్‌లో చోటు లేదని. డీఎఫ్ కొడితే నూటికి నూరు శాతం నిండిపోయింది. ఎప్పటెప్పటివో లాగ్ ఫైళ్ళు పేరుకుపోయాయి. పాతవి తీసేసి, రీస్టార్ట్ కొట్టి, మళ్ళీ స్టేటస్ అడిగాను. "యాక్టివ్."

"ఇప్పుడు చూడమ్మా."

"వచ్చిందక్కా!"

అత్తయ్య వంటింట్లోకి తొంగిచూసి, "ఇంకా తోడు పెట్టలేదా?" అన్నారు.

1946 ఫిబ్రవరిలో ఇనియాక్ కంప్యూటర్‌ని లోకానికి చూపించినప్పుడు, దానికి ప్రోగ్రాములు రాసిన ఆరుగురు స్త్రీల పేర్లు ఎవరూ చెప్పలేదు. ఫోటోల్లో మిషన్ పక్కన నిలబడ్డవాళ్ళని తర్వాతి రోజుల్లో మోడల్స్ అనుకున్నారట! మా వార్షిక నివేదికలోనూ సైట్ నిర్వహణ "సాంకేతిక సిబ్బంది" అనే అచ్చయింది. ఆ సిబ్బంది ఎవరో నాకూ తెలీదు.

'లాస్ట్' అని ఒక కమాండ్ ఉంది. ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో, ఎంతసేపున్నారో వరసగా చూపిస్తుంది. ఆ నెలలో 19 సార్లు. దాదాపు అన్నీ రాత్రి పది తర్వాతే, ఒకటి తెల్లవారుజామున 4:10కి. అన్నిటి ముందూ నా పేరే. ఈసారి నివేదికకి అది ప్రింట్ తీసి జతచేశాను.

"ఇదేంటి మేడమ్, అన్నీ అంకెలున్నాయి?" అన్నాడు గుమాస్తా.

"హాజరుపట్టీ" అన్నాను.

ఫైల్లో పెట్టుకున్నాడు. పైనుంచి ఇంకా జవాబు రాలేదు.