పాట తెలిసి, కవి తెలియక

మాలో కొందరి ఇంటి భాష ఉర్దూ, కొందరిది తెలుగు. పశువులు కాచే పసివాణ్ణి పలకరించే ఆ పాట మాత్రం మా అందరికీ తెలుసు. 1980లో విడుదలైన ‘మా భూమి’ చిత్రం దానిని ఊరూరా వినిపించింది. అయినా, దాని కర్త ఎవరని అధ్యాపకులు ప్రశ్నించిననాడు మేము మౌనం వహించాము. జానపదమనీ, కర్త లేనిదనీ భావించాము.

ఆ కవి నల్లగొండ జిల్లాకు చెందిన సుద్దాల హనుమంతు గారు. ఆంధ్ర మహాసభలోను, తెలంగాణ సాయుధ పోరాటంలోను పాల్గొని, వెట్టిచాకిరినీ దొరల దౌర్జన్యాన్నీ బుర్రకథగా, గొల్లసుద్దులుగా చెప్పారు. అక్షరం రాని శ్రోతకు తెలిసిన బాణీయే పుస్తకం. నేడు విన్నవాడు రేపు తానే పాడగలడు. అలా పాట జనానిదైంది, కవి పేరు వెనుకబడింది. 1982లో ఆయన కన్నుమూశారు.

పేరు మరుగున పడటమే ప్రజాకవికి గౌరవమని కొందరంటారు. మేము అంగీకరించలేము. మఖ్దూం మొహియుద్దీన్ కవిత చదివినప్పుడు ఆయన పేరు తప్పక తలుస్తాము. పల్లె కవికి ఆపాటి మర్యాద ఎందుకు దక్కరాదు? ఆ పసివాని వయసులో బడికి బదులు పనికి వెళ్ళినవారు మాలోనూ ఉన్నారు. తమ దుఃఖాన్ని పాడినవారిని వారే మరచితే ఇంకెవరు తలుస్తారు?

ఇకమీదట ఆ పాటకు ముందు ఆయన పేరు చెబుతాము.