మార్కుల సిగ్గు

మేము ఇంగ్లండున జీవరసాయనశాస్త్రములో పట్టము పుచ్చుకొని, వైద్యవిద్యకు దరఖాస్తు పెట్టుకొనవలెనని సంకల్పించితిమి. ఆ దేశమున 2000 సంవత్సరమునుండి పట్టభద్రులకై నాలుగేండ్ల వైద్యపాఠక్రమములు ప్రత్యేకముగా నడచుచున్నవి. ఏటికి నాలుగు వైద్యకళాశాలలకు మాత్రమే దరఖాస్తు పంపనిత్తురు. గడువు అక్టోబరు 15. పెక్కుచోట్ల మొదటి తరగతిగాని, రెండవ తరగతిలో పైమెట్టుగాని కోరుదురు. మాకు వచ్చినది క్రిందిమెట్టు.

జూలైలో ఫలితము తెలిసినను ఇంట చెప్పమైతిమి. తల్లిగారు ఫోనులో అడిగినప్పుడెల్ల మాట దాటించితిమి. మా భయము పరీక్షకులను గూర్చి కాదు. పెద్దమ్మ కుమారుని మార్కులతో మా మార్కులను తూచు చుట్టములను గూర్చి. ఆ సిగ్గుచేత ఏ కళాశాల నియమములనైనను విప్పి చూడమైతిమి.

అక్టోబరు తొలివారమున నిజము చెప్పితిమి. ఆమె కొంతసేపు మిన్నకుండి, "క్రిందిమెట్టువారిని చేర్చుకొను చోటు ఒక్కటియు లేదా? చూచితివా?" యని యడిగెను.

ఆ రాత్రి చూచితిమి. అట్టి చోట్లు కొన్ని కలవు. కాని గాంశాట్, యూకాట్ అను ప్రవేశపరీక్షలకు పేరిచ్చు గడువు అప్పటికే దాటిపోయెను. ఒక యేడు పోయినది. దానిని పోగొట్టినది మార్కులు కావు, మేము దాచుకొన్న సిగ్గు.

ఈ యేడు వేళకు పేరిచ్చితిమి. ఫలితమెట్లున్నను ఇంట చెప్పుదుము. తలిదండ్రులారా, "ఎన్ని వచ్చినవి?" యని యడుగుటకు ముందు, తక్కువ వచ్చినవని చెప్పుకొను చనువును బిడ్డ కిచ్చితిరా యని యోచింపుడు.