రెండోసారి వెన్ను తెరవాలంటే...

మా సత్తెనపల్లి వైపు నడుంనొప్పిని ఎవరూ జబ్బు కింద లెక్కేయరు. పత్తి తీసినా, మిరపకాయలు కోసినా సీజనంతా వంగి చేసే పనే. కాయ ఎండాక టిక్కీలకు తొక్కడం, బండికెత్తడం, గుంటూరు యార్డుకు తోలడం... ఇవన్నీ అయ్యాక నడుము పట్టేయకపోతేనే విడ్డూరం. ఓ అమృతాంజనం సీసా, ఓ బెల్టు, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న రెండు గోలీలు. వాటితోనే ఏళ్లు గడిచిపోతాయి.

అదే ‘వెన్నుకి ఆపరేషన్’ అన్నామనుకోండి, అరుగు మీద కబుర్లు ఠక్కున ఆగిపోతాయి. ఫలానా ఆయన చేయించుకుని మంచానపడ్డాడట అనే కథ ఒకటి ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. ఇక ఒకసారి కోసిన చోటే మళ్లీ కోస్తారంటే చెప్పేదేముంది!

మా పెద్ద మావయ్యకి సరిగ్గా ఆ పరిస్థితే వచ్చింది. 2012లో ఆయన నడుములో డిస్కు జారి నరాన్ని నొక్కితే ఆపరేషన్ చేశారు. పదేళ్లు హాయిగా తిరిగాడు, సేద్యం చేసుకున్నాడు. తర్వాత మళ్లీ నొప్పి మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. కనిపెట్టింది అత్తయ్యే. నడుస్తుంటే ఎడమకాలి చెప్పు జారిపోతోంది. గడప దాటేటప్పుడు బొటనవేలు తగులుతోంది. పాదాన్ని పైకి లేపే బలం తగ్గుతోందన్నమాట.

2023 సంక్రాంతి వెళ్లాక గుంటూరులో ఓ డాక్టరు దగ్గరకు బయల్దేరాం. ‘‘పేపర్లో రాస్తావుగా అల్లుడూ, ఆయన చెప్పేది నీకైతే అర్థమవుద్ది’’ అని అత్తయ్య నన్నూ లాక్కెళ్లింది. మావయ్య లెక్క మావయ్యది. కాయ యార్డుకెళ్లాక, అంటే ఏప్రిల్లో చూద్దామన్నాడు. డాక్టరు ఆయన్ని మడమల మీద నిలబడి నాలుగడుగులు వేయమన్నారు. ఎడమ పాదం లేవలేదు. ‘‘నొప్పయితే ఆగొచ్చు పెద్దాయనా. బలం తగ్గుతుంటే ఏప్రిల్ దాకా ఆగకూడదు’’ అన్నారు.

హద్దురాళ్లు లేని పొలం

రెండోసారి ఎందుకంత కష్టమో ఆయన చెప్పిన తీరు రైతుకి అర్థమయ్యేలా ఉంది. వెన్ను మధ్యలో చేతికి తగిలే ఎముక మొనలు, వాటి పక్కనుండే పలకలు డాక్టరుకి హద్దురాళ్లలాంటివి. వాటిని చూసే ఏ పూస ఎక్కడుందో, నరం ఎటు పోతోందో లెక్కగడతారు. మొదటి ఆపరేషన్లో నరం దాకా వెళ్లేందుకు వాటిలో కొంత తీసేయక తప్పదు. ఆ ఖాళీలో తర్వాత గాయం మానిన కండ గట్టిగా పేరుకుంటుంది. అది నరాల మీదుండే పల్చటి పొరకి అంటుకుపోతుంది. విడదీసేటప్పుడు ఆ పొర చిరిగితే లోపలి నీరు కారుతుంది. మొదటి ఆపరేషన్లో కంటే రెండోదాంట్లో ఈ ప్రమాదం ఎక్కువ. పైగా కొందరికి నడుములో అయిదు పూసలకు బదులు నాలుగో, ఆరో ఉన్నట్టు కనిపిస్తాయి. లెక్క తప్పితే కత్తి ఒక పూస పైకో కిందికో పోతుంది.

అందుకే ముందు బొమ్మలు కావాలి, అదీ రకరకాలవి. నిలబెట్టి, ముందుకూ వెనక్కీ వంచి ఎక్స్‌రేలు తీశారు. పడుకున్నప్పుడు సరిగ్గా కనిపించే పూస వంగినప్పుడు జారుతోందేమో అందులో తెలుస్తుంది. ఎముక వివరం కోసం సీటీ. నరాల కోసం ఎమ్మారై. దాన్ని రెండుసార్లు తీశారు, మామూలుగా ఒకసారి, గాడోలినియం అనే మందు నరంలోకి ఎక్కించి మరోసారి. రక్తప్రసరణ ఉన్న పాత గాయపు కండ ఆ మందుని పీల్చుకుని తెల్లగా మెరుస్తుంది. కొత్తగా జారిన డిస్కు ముక్క నల్లగానే ఉండిపోతుంది. ఈ తేడా ముఖ్యం. నొక్కుతున్నది డిస్కు ముక్కయితే తీసేయొచ్చు. వట్టి గాయపు కండే అయితే, దాన్ని గీకి తీసినా మళ్లీ పేరుకుంటుంది.

మావయ్యకి రెండూ ఉన్నాయి. ఆపైన నాలుగో పూస వంగినప్పుడల్లా అయిదో పూస మీద ముందుకి జారుతోంది. కాబట్టి స్క్రూలు వేసి బిగించాలన్నారు.

‘‘పాత ఆపరేషన్ కాగితాలున్నాయా?’’ అని డాక్టరు అడిగారు. అత్తయ్య ప్లాస్టిక్ కవరు తీసింది. పదకొండేళ్లుగా ట్రంకుపెట్టెలో పట్టాదారు పాసుపుస్తకం పక్కనే దాచిన డిశ్చార్జి కాగితం, ఫిల్ములు. ఏ వైపు తెరిచారో, ఎముక ఎంత తీశారో అందులో ఉంది. డాక్టరు దాన్ని కొత్త స్కాన్ కంటే ఎక్కువసేపు చదివారు.

తెర మీద దారి

రాంట్జెన్ 1895లో ఎక్స్‌రేని కనుక్కున్న దగ్గర్నుంచీ డాక్టర్లు లోపలి ఎముకని చూస్తూనే ఉన్నారు. చిక్కేమిటంటే ఎక్స్‌రే నీడ లాంటిది. ముందున్నదీ వెనకున్నదీ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆపరేషన్ బల్ల దగ్గర ఇప్పటికీ ఎక్కువగా వాడే సీ-ఆర్మ్ చూపించేదీ ఆ నీడనే. మనిషిని అడ్డంగా ముక్కలుగా కోసినట్టు చూపే సీటీ స్కాన్ రోగికి మొదటిసారి తీసింది 1971లో, లండన్‌లో. ఆ పనిని ఆపరేషన్ థియేటర్లోకే తెచ్చింది ఓ-ఆర్మ్ లాంటి యంత్రం. బల్ల మీదున్న మనిషి చుట్టూ గుండ్రంగా తిరిగి, ఆ క్షణంలో వెన్ను ఎలా ఉందో మూడు కోణాల్లో బొమ్మ ఇస్తుంది.

దానికి నావిగేషన్ తోడవుతుంది. రోగి ఎముకకి ఓ చిన్న చట్రం బిగిస్తారు. దానికీ డాక్టరు చేతిలోని పనిముట్లకీ మెరిసే బుడగల్లాంటి గోళీలుంటాయి. వాటిని పరారుణ కిరణాల కెమెరా కనిపెట్టుకుని ఉంటుంది. పనిముట్టు మొన ఎక్కడుందో, ఎటు పోతోందో తెర మీది బొమ్మలో కనిపిస్తుంది. మన ఫోన్లో మ్యాప్ మీద నీలం చుక్క కదిలినట్టే. ఆ చట్రాన్ని మామూలుగా ఎముక మొనకి బిగిస్తారు. మావయ్యకి అక్కడ మొన మిగల్లేదు కాబట్టి తుంటి ఎముకకి బిగిస్తామన్నారు.

స్క్రూ పోవాల్సిన ఎముక దారి చిటికెన వేలంత ఉంటుంది. దాన్ని ఆనుకునే నరం. కోయంబత్తూరులోని గంగ ఆస్పత్రిలో డాక్టర్ ఎస్.రాజశేఖరన్ బృందం దీన్ని లెక్కతేల్చి 2007లో ప్రచురించింది. వెన్ను వంకరున్న 33 మందికి ఛాతీ పూసల్లో 478 స్క్రూలు వేశారు. నావిగేషన్ లేకుండా వేసినవాటిలో 54, అంటే 23 శాతం ఎముక గోడ దాటాయి. నావిగేషన్‌తో వేసినవాటిలో దాటినవి 5, అంటే 2 శాతం. ఒక్కో స్క్రూకి పట్టిన సమయం కూడా సగానికి తగ్గింది. అవి రెండోసారి ఆపరేషన్లు కావు. అయినా హద్దులు మామూలుగా లేని వెన్నుల్లో బొమ్మ ఎంత అక్కరకొస్తుందో ఆ అంకెలు చెబుతాయి.

అలాగని యంత్రమే అంతా చూసుకోదు. చట్రానికి మోచెయ్యి తగిలితే తెర మీది దారి అబద్ధమవుతుంది. అందుకే మధ్యమధ్యలో తెలిసిన ఎముకని మొనతో తాకి సరిచూసుకుంటారు. పైగా అది ఎముకనే బాగా చూపిస్తుంది. నరానికి అంటుకున్న కండని విడదీయడం మాత్రం మైక్రోస్కోపు కింద డాక్టరు చెయ్యి చేయాల్సిన పనే.

మావయ్య అడిగిన ప్రశ్న

అంతా విని మావయ్య ఒకే మాటడిగాడు. ‘‘బొమ్మ బాగవుద్దా, కాలు బాగవుద్దా?’’

ఆ ప్రశ్న లోతు నాకు తర్వాత కొన్ని వైద్య పత్రాలు చదివితే తెలిసింది. నొప్పి లేని 3,110 మంది స్కాన్‌లను వివిధ అధ్యయనాల నుంచి పోగేసి 2015లో ప్రచురించారు. ఇరవయ్యేళ్ల వయసులోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. ఎనభై ఏళ్లవారిలో అది 96 శాతం. వీళ్లెవరికీ నొప్పి లేదు! కాబట్టి స్కాన్‌లో ఏదో కనిపించిందని కత్తి పట్టకూడదు. బొమ్మలో నొక్కుకున్న నరమూ, ఒంట్లో బలం తగ్గిన చోటూ ఒకటే కావాలి. యంత్రం ‘ఎక్కడ’ అన్నది చూపుతుంది. ‘అసలు చేయాలా’ అన్నది రోగీ, ఇంట్లోవాళ్లూ, డాక్టరూ కూర్చుని తేల్చుకోవాల్సిందే.

మావయ్య విషయంలో ఆ రెండూ కలిశాయి. డాక్టరు దాచకుండా చెప్పారు. ‘‘బలం ఇంకా తగ్గకుండా ఆపడానికి చేస్తున్నాం. పోయినదాంట్లో కొంత తిరిగి రావచ్చు. పాత నొప్పి పూర్తిగా పోతుందని మాటివ్వను.’’ హైదరాబాద్ నుంచి అల్లుడు వద్దని ఫోన్ చేశాడు. తమ్ముడు కేరళ వైద్యం అన్నాడు. అత్తయ్య మాత్రం, ‘‘మాటివ్వనన్నాడు చూడు, ఆయన చేతే చేయిద్దాం’’ అంది.

అయిదు గంటలు పట్టింది. సాయంత్రం వార్డులో పాదం కదిపించి చూశారు. అప్పటికి ఏ మార్పూ లేదు. అత్తయ్య ఆ రాత్రి నిద్రపోలేదు. మూడో వారంలో బొటనవేలు కొంచెం లేచింది. ఆర్నెల్లకి చెప్పు జారడం ఆగింది. పొద్దున లేవగానే నడుము బిగుసుకోవడం మాత్రం అలాగే ఉంది, దాంతోనే సర్దుకున్నాడు. టిక్కీలు ఎత్తడం మానేశాడు. గట్టు మీద కుర్చీ వేసుకుని కూలీల లెక్కలు చూస్తున్నాడు.

ఇప్పుడు చుట్టుపక్కల ఎవరికి వెన్ను ఆపరేషన్ అన్నా ఆయన దగ్గరకొచ్చి సలహా అడుగుతున్నారు. చేయించుకొమ్మనీ, వద్దనీ ఆయన చెప్పడు. ‘‘ముందు నీ పాత కాగితాలు పట్రా’’ అంటాడు. ‘‘ఆ ఫొటోలో ఉన్నదీ, నీ కాలు చెప్పేదీ ఒకటేనా అని డాక్టర్ని అడుగు.’’