ఎండలో 21 ల్యాపులు

రండి, కూర్చోండి. ఉడకబెట్టిన శెనక్కాయలు ఉన్నాయి, ఒలుచుకుంటూ వినండి. ఇవాళ మీతో బైకు రేసుల గురించి మాట్లాడాలని ఉంది. అనంతపురం మనిషికి రేసులతో పనేమిటి అంటారా? ఉంది. మన దేశంలో ఇప్పటిదాకా జరిగిన ఒకే ఒక్క మోటో జీపీ రేసును తేల్చింది ఎండ. ఎండ సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు?

2023 సెప్టెంబరు 24, ఆదివారం. ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్. ఆ ట్రాకు 2011లో ఫార్ములా వన్ కార్ల కోసం కట్టింది. మూడేళ్లు కార్లు తిరిగాయి, తర్వాత పెద్ద రేసులు ఆగిపోయాయి. 2013లో ప్రపంచ సూపర్‌బైక్ పోటీ ఒక రౌండు ఇక్కడ పెడతామన్నారు. మార్చి అన్నారు, నవంబరుకు జరిపారు, చివరికి రద్దు చేశారు. ఆ ఏడు నాలాంటి వాళ్లు ఎంత ఉసూరుమన్నారో చెప్పలేను. అందుకే పదేళ్ల తర్వాత మోటో జీపీ వస్తోందనగానే మాకు పండగైంది.

రెండింటికీ తేడా ఏమిటని అడుగుతారు చాలామంది. షోరూములో మీరూ నేనూ కొనుక్కోగలిగే పెద్ద బైకును తీసుకుని, దాన్ని రేసుకు తగ్గట్టు మార్చి నడిపేది సూపర్‌బైక్ పోటీ. ప్రపంచ పోటీగా 1988లో మొదలైంది. మోటో జీపీ బండ్లు రేసు కోసమే పుడతాయి. 1000 సీసీ ఇంజను, 157 కిలోల బరువు, దాని మీద సుమారు 300 గుర్రాల శక్తి. బజారులో దొరకవు. అయినా మన ఊళ్లో పెద్ద శబ్దం చేసుకుంటూ పోయే ప్రతి బండీ సూపర్‌బైకే. ఆ పిలుపుతో నాకు పేచీ లేదు. అభిమానం ఒకటే.

ఆ నెల ఎలా ఉండిందో గుర్తు చేసుకోండి. అంతకుముందు ఆగస్టులో దేశమంతటా వాన ఎగ్గొట్టింది. 1901 నుంచి లెక్కలు చూస్తే అంత పొడి ఆగస్టు లేదు. మన చేలల్లో శెనక్కాయ చెట్టు ఊడలు దిగక వాడిపోయింది. అలాంటి రోజుల్లో రేసు చూడ్డానికి కూర్చున్నాం. రేసు మొదలవకముందే మాకు అర్థమయ్యే వార్త ఒకటి వచ్చింది. ఎండా ఉక్కా తట్టుకోలేరని 24 ల్యాపుల రేసును 21కి తగ్గించారు. యూరప్ నుంచి వచ్చిన ఆ కుర్రాళ్లకు భాద్రపదం ఎండ ఏమిటో శుక్రవారానికే తెలిసిపోయింది మరి.

శనివారం చిన్న రేసు, స్ప్రింటు. దానికి వాన అడ్డొచ్చి ఆలస్యమైంది. పోల్ పొజిషన్‌లో, అంటే అందరికంటే ముందు స్థానంలో ఉన్నవాడు మార్కో బెజెక్కి, ఇటలీ కుర్రాడు, వాలెంటినో రోసీ టీము. మొదటి మలుపులోనే సొంత టీములోని లూకా మారినీ వెనక నుంచి వచ్చి తగిలాడు. మారినీకి కాలర్ బోను విరిగింది. బెజెక్కి పడలేదు గానీ గుంపు వెనక్కి పోయాడు. ఇక అయిపోయింది అనుకున్నాం. అక్కడి నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ 11 ల్యాపుల్లో ఐదో స్థానానికి వచ్చాడు. గెలిచింది హోర్హే మార్టిన్. కానీ ఆ సాయంత్రం మా మాటలన్నీ బెజెక్కి గురించే. రేపు వీడే అని నాకు గట్టిగా అనిపించింది.

ఆదివారం తెలిసిన మెకానిక్ షెడ్డులో టీవీ పెట్టారు. బెంచీల మీద పిల్లలు, పక్కన స్టాండు వేసిన బండ్లు, ఆయిలు వాసన. మా చిన్నాయన కూడా వచ్చాడు. ఆయనది చీనీ తోట. రేసులంటే ఏమీ తెలియదు, మోటారు రిపేరుకు ఇచ్చి కూర్చున్నాడు అంతే.

లైట్లు ఆరాయి. ముందు వరసలో మార్టిన్, బన్యాయా, బెజెక్కి. కొద్ది ల్యాపుల్లోనే బెజెక్కి అందరికంటే ముందుకొచ్చేశాడు. ఆ తర్వాత ప్రతి ల్యాపుకూ కాస్త కాస్త దూరం పెంచుకుంటూ పోయాడు. వెనక మార్క్ మార్కెజ్ జారి పడి, లేచి, మళ్లీ బండెక్కి తొమ్మిదోవాడిగా రేసు ముగించాడు. షెడ్డులో అరుపులన్నీ వెనక జరిగే కొట్లాటకే.

చిన్నాయన మాత్రం ముందున్నవాడినే చూస్తున్నాడు.

"ఒరే అబ్బీ, ముందర పోయేటోడు ఏంటికి అంత నిమ్మళంగా పోతాండాడు? వెనకోళ్లు కొట్టుకొని సస్తాంటే ఈయప్పకు ఏం పట్టనట్టుండాది."

"నిమ్మళంగా పోలేదు చిన్నాయనా, అందరికంటే వేగంగా పోతాండేది ఆయప్పే. టైరు కాపాడుకుంటాండాడు."

"టైరు కాపాడుకునేదేంది?"

చెప్పాను. మీకూ చెబుతాను, ఎందుకంటే రేసంతా ఇక్కడే ఉంది. మలుపులో బండి నేల మీదికి వాలి ఉన్నప్పుడు ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పితే వెనక చక్రం గిర్రున తిరిగి రబ్బరు అరిగిపోతుంది. తెలిసినవాడు ముందు బండిని లేపుతాడు, తర్వాత తిప్పుతాడు. పైగా ఎదుటివాడి తోక పట్టుకుని పోతే వాడి ఇంజను వేడిగాలి నీ ముందు టైరుకే తగులుతుంది. టైరులో గాలి పొంగుతుంది, పట్టు తప్పుతుంది. బ్రేకులకు చల్లగాలి అందదు. రైడరుకూ ఊపిరాడదు. తోలు సూటు, దాని లోపల ఎయిర్‌బ్యాగు, తల మీద హెల్మెట్. వీపు మీది గూనులో నీళ్ల సంచి పెట్టుకుని గొట్టంతో పీల్చే వాళ్లూ ఉన్నారు. ముందున్నవాడికి ఈ వేడిగాలి గొడవ లేదు. ఖాళీ గాలిలో తన లెక్క ప్రకారం పోతాడు.

చిన్నాయన కాసేపు విని, "అట్లయితే మా తోట మాదిరే. బోర్లో ఇంచున్నర నీళ్లుంటే డ్రిప్పు పెట్టి చెట్టుకింత అని ఇస్తాం. ఒక్కరోజే కాలవ కట్టి పారిస్తే ఎండాకాలానికి తోట ఉండదు" అన్నాడు.

నాకు ఆ మాట బాగా నచ్చింది. ఏళ్ల తరబడి రేసులు చూస్తున్న నేను ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేకపోయాను. వేగమంటే ఉన్నదంతా ఒక్కసారి ఊదేయడం కాదు. ఉన్నదాన్ని చివరిదాకా సర్దడం. టైరును, బ్రేకును, ఒంట్లో నీటిని, గుండె ధైర్యాన్ని.

ఆయన మాట అలా ముగిసిందో లేదో, బన్యాయా పడిపోయాడు. అప్పటికి ప్రపంచ చాంపియన్ ఆయనే, ఆ ఏటి పాయింట్ల పట్టికలోనూ మొదటివాడే. మార్టిన్‌ను దాటి రెండో స్థానానికి వచ్చిన కొద్దిసేపటికే, బ్రేకు పట్టే చోట ముందు చక్రం జారింది. బండీ మనిషీ కంకరలోకి. ఒక్క క్షణంలో చాంపియన్‌షిప్ లెక్కే మారిపోయింది. రేసు ముగిసేసరికి ఆయనకూ మార్టిన్‌కూ మధ్య తేడా 13 పాయింట్లు. షెడ్డులో బన్యాయా అభిమాని ఒకడు తల పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఇక చివరి ల్యాపు. బెజెక్కి కనుచూపు మేరలో లేడు, ఆయన 8 సెకన్లకు పైగా తేడాతో గెలిచాడు. అందరి కళ్లూ రెండో స్థానం మీద. మార్టిన్ ఒంట్లో శక్తి అయిపోయింది, మలుపులో దారి తప్పి వెడల్పుకు పోయాడు. యమహా మీద ఉన్న క్వార్టరారో సందు చూసి దూరిపోయాడు. అంత నీరసంలోనూ మార్టిన్ వదల్లేదు. మళ్లీ దాటి రెండో స్థానం నిలబెట్టుకున్నాడు. బండి దిగాక మాత్రం ఎండదెబ్బకు నిలవలేక కుప్పకూలాడు, వైద్యులు చూడాల్సి వచ్చింది. అది చూసి షెడ్డంతా నిశ్శబ్దమైంది. ఎండకు మనిషి పడిపోవడం మాకు టీవీలో చూడాల్సిన వింత కాదు. మిట్ట మధ్యాహ్నం కలుపు తీసే ఆడవాళ్లు గట్టు మీద ఒరిగిపోవడం చూసినవాళ్లమే. మార్టిన్ మీద నాకు గౌరవం ఆ రోజే పుట్టింది. ఆ ఏడాది టైటిల్ చివరికి నవంబరులో వాలెన్సియాలో బన్యాయాకే దక్కింది, మరుసటి ఏడు మార్టిన్ గెలుచుకున్నాడు. ఎక్కడ ఎంత ఖర్చుపెట్టాలో నేర్చుకున్నాడని నా నమ్మకం.

పాత సూపర్‌బైక్ అభిమానులు ఇలాంటి కథే ఇంకొకటి చెబుతారు. 2002లో డుకాటీ మీద ట్రాయ్ బేలిస్ సీజన్‌లో మొదటి ఆరు రేసులూ గెలిచేశాడు. హోండా మీద కాలిన్ ఎడ్వర్డ్స్ కంగారు పడకుండా పాయింట్లు పోగేసుకుంటూ పోయాడు. చివరి తొమ్మిది రేసులు వరసగా గెలిచాడు. సెప్టెంబరు 29న ఇటలీలోని ఇమోలాలో రెండు రేసులు. ఇద్దరూ ప్రాణం పెట్టి పోరాడారు, రెండూ ఎడ్వర్డ్స్‌వే. ఏడాదంతా కలిపి ఎడ్వర్డ్స్‌కు 552 పాయింట్లు, బేలిస్‌కు 541. వెనకబడ్డప్పుడు ఉన్నదంతా తగలబెట్టుకోకపోవడం ఎంత పెద్ద విద్యో ఆ అంకెలు చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు మన ఊరి మాట. సాయంత్రం కాగానే 44వ జాతీయ రహదారి మీద, పెనుకొండ వైపు, కియా ఫ్యాక్టరీ దాకా ఒకటే హోరు. ఆ పిల్లల్ని తిట్టాలని నాకు లేదు. రోడ్డు నున్నగా, నేరుగా ఉంది, చేతిలో మంచి బండి ఉంది, వయసు అలాంటిది. కానీ బన్యాయా పడి లేచి నడిచి వెళ్లాడంటే అక్కడ కంకర మడుగుంది, ఒంటి మీద ఎయిర్‌బ్యాగుంది, పరిగెత్తుకొచ్చే మార్షళ్లున్నారు, ఎదురుగా లారీ లేదు. హైవే మీద డివైడరు ఉంది, గేదె ఉంది, పక్క దారి నుంచి వచ్చే ట్రాక్టరు ఉంది. 2021లో వినాయక చవితి నాడు హైదరాబాదు కేబుల్ బ్రిడ్జి దగ్గర హీరో సాయిధరమ్ తేజ్ బండి రోడ్డు మీది ఇసుకకు జారింది. హెల్మెట్ ఉంది కాబట్టే బతికానని తర్వాత ఆయనే చెప్పాడు. చారెడు ఇసుక చాలు, అంతే.

వేగం నేర్చుకోవాలని నిజంగా ఉంటే దారి ఉంది. మద్రాసు దగ్గర ఇరుంగట్టుకోటలో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారి ట్రాకు 1990 నుంచి నడుస్తోంది. మన దగ్గర నుంచి కదిరి, మదనపల్లె, చిత్తూరు మీదుగా పోవచ్చు. అక్కడ సూపర్‌బైక్ స్కూలు తరగతులు కూడా పెడుతున్నారు. మలుపులో ఎక్కడ చూడాలి, ఎప్పుడు బ్రేకు వదలాలి, ఎంత నెమ్మదిగా యాక్సిలరేటర్ తిప్పాలి, ఇవన్నీ వేలు పట్టి నేర్పుతారు. బండి కొనేటప్పుడు సైలెన్సరు మార్చడానికి పెట్టే డబ్బు దీనికి పెట్టండి. మీ పిల్లలుంటే వాళ్లకి నా మాటగా చెప్పండి. ఇంకా పెద్ద కోరిక ఒకటుంది. రాళ్లు తప్ప ఏమీ పండని నేల మన జిల్లాలో ఎంతో ఉంది. చిన్నదైనా సరే, భద్రమైన ట్రాకు ఒకటి ఇక్కడ కడితే ఆ హోరు రోడ్డు దిగి లోపలికి వస్తుంది. అడగాల్సిన వాళ్లను అడుగుదాం, అడుగుతూనే ఉందాం.

2024లో మన దేశంలో మళ్లీ జరగాల్సిన రేసు రద్దయింది. బాధగానే ఉంది. అయినా సీజన్ నడిచినన్నాళ్లూ రేసులు ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటాయి, ఫోనులో చూడొచ్చు. మీరు మొదటిసారి చూస్తుంటే ఒక్కటే సలహా. మొదటి మలుపు దగ్గర గుంపును చూసి ఆగిపోకండి. చివరి ఐదు ల్యాపులు చూడండి. అప్పుడు ఎవరి బండి వెనక చక్రం ఇంకా అల్లాడకుండా పోతోందో వెతకండి. దొరికాడా? వాడి పేరు రాసి పెట్టుకుని వచ్చే వారం నాకు చెప్పండి. ఆ శెనక్కాయలు ఇంకొన్ని తీసుకోండి.