తలుపు వేసిన భోజనపు గది

మన సంఘాల ఇళ్ళలో చాలాచోట్ల ప్రభురాత్రి భోజనం పటం భోజనాల గదిలోనే వ్రేలాడుతూ కనబడుతుంది. బల్లకు ఒకే ప్రక్క పదమూడుగురు కూర్చున్న ఆ పటం మనకు చిన్ననాటి నుండి పరిచయమే. అసలు చిత్రం మాత్రం దేవాలయం గోడమీద లేదు. ఇటలీలోని మిలాను పట్టణంలో సన్యాసులు అన్నం తినే పెద్ద గది గోడమీద లియొనార్డో డావించి దానిని 1495 నుండి 1498 వరకు వ్రాశాడు. సన్యాసులు ఆ బల్లను చూస్తూ తమ బల్ల దగ్గర తినేవారు. 1652లో ఎవరికో రాకపోకలకు దారి కావలసివచ్చింది. బొమ్మ అడుగుభాగంలో గోడ పగులగొట్టి ద్వారం పెట్టారు. యేసు పాదాలున్న చోటు ఆ ద్వారానికి పోయింది.

ఈ సంగతి నాకు న్యూయార్కులో ఒక హోటలు ముందు నిలబడినప్పుడు జ్ఞాపకం వచ్చింది.

మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటున్నాడు. ఒక శనివారం మమ్మల్ని ఊరు చూపించడానికి తీసుకువెళ్ళి, పార్క్ ఎవెన్యూ మీద సీగ్రాం భవనం ముందు ఆపాడు. 38 అంతస్తుల మేడ, కంచు రంగు. 1958లో పూర్తయింది. మిగతా మేడలన్నీ రోడ్డు అంచుకే ఆనుకొని ఉంటే ఇది మాత్రం ముందు విశాలమైన రాతి వాకిలి వదిలి వెనుకకు జరిగి నిలబడింది. వాకిట్లో అటూ ఇటూ రెండు నీటి తొట్లు. సీగ్రాం అంటే విస్కీ కంపెనీ అని వేరే చెప్పనక్కరలేదు. "ఆ డబ్బుతో కట్టిందా ఇదంతా!" అంది మా ఇంటావిడ. ప్రక్కన 52వ వీధి వైపు మరొక ద్వారం ఉంది. 1959లో ఫోర్ సీజన్స్ అనే భోజనశాల తెరిచింది అక్కడే.

భోజనశాల అంటే మన బస్టాండు దగ్గర హోటలు తలచుకోకండి. దానిని కట్టడానికి ఆ రోజుల్లోనే 45 లక్షల డాలర్లు అయిందని చెప్పుకున్నారు. ఒక పెద్ద గది నడుమ 20 అడుగుల చదరపు పాలరాతి కొలను. కిటికీలకు గుడ్డ తెరలకు బదులు సన్నని లోహపు గొలుసులు. క్రిందనుండి వచ్చే గాలికి అవి నీళ్ళలా అలలు పోతూ ఉండేవి. సారాయి బల్ల మీద కప్పు నుండి వేలాది కంచు కడ్డీలు దిగి ఉంటాయి, అది రిచర్డ్ లిపోల్డ్ అనే శిల్పి పని. రెండు గదుల మధ్య నడవలో పికాసో 1919లో ఒక నృత్య నాటకం కోసం వ్రాసిన తెర, సుమారు 19 అడుగుల ఎత్తుది, వ్రేలాడదీశారు. ఋతువు మారినప్పుడల్లా భోజన పదార్థాలతోపాటు లోపలి చెట్లు కూడా మార్చేవారు. అమెరికా అధ్యక్షుడు కెనడీ 1962లో తన 45వ పుట్టినరోజు విందు అక్కడే చేసుకున్నాడు.

ఇంత వైభవం ఉన్నచోట కూడా కొందరికి అందరి మధ్య కూర్చోవడం సరిపడదు. అందుకే ప్రత్యేక గదులు. మన పట్టణాల హోటళ్ళలో ఒకప్పుడు ఆకుపచ్చ తెర కట్టి 'ఫ్యామిలీ రూము' అని వ్రాసి ఉండేది, జ్ఞాపకం ఉందా? ఆడపిల్లలతో వెళ్ళినవారు నలుగురి చూపు పడకుండా ఇడ్లీ తినడానికి అది. ఇక్కడ గది వేరు, అక్కరా వేరు. ముందుగా మాట్లాడుకొని, ఏమేమి వడ్డించాలో చెప్పి ఉంచుతారు. తలుపు మూస్తే లోపల వ్యాపారం మాటలు జరుగుతాయి, లేకపోతే పెండ్లిరోజు విందు. వడ్డించేవాడు వచ్చినప్పుడే తలుపు తెరుచుకుంటుంది.

అటువంటి ఒక గది గోడలకు చిత్రాలు వ్రాయమని 1958లో మార్క్ రోత్కోకు కబురు వచ్చింది. ఆయన యూదుడు. ఇప్పటి లాట్వియా దేశంలో పుట్టి, పదేళ్ళవాడై 1913లో అమెరికా చేరాడు. వచ్చిన కొద్ది నెలలకే తండ్రి చనిపోయాడు. చదువుకుంటూ వార్తాపత్రికలు అమ్మిన పిల్లవాడు. చిత్రకారుడైన తరువాత కూడా చాలా ఏళ్ళు చిన్నపిల్లలకు బొమ్మలు నేర్పి పొట్టపోసుకున్నాడు. అటువంటివానికి ఒక్క గదికి 35,000 డాలర్లు! ఐదారు వందల చదరపు అడుగుల బొమ్మలు కావాలన్నారు.

ఆయన పనిచేసిన చోటు చెబితే మనవారికి సంతోషమవుతుంది. బవరీ అనే వీధిలో పాత వై.ఎం.సి.ఎ. భవనంలోని వ్యాయామశాల అది. దానిని అద్దెకు తీసుకొని, హోటలు గది కొలతకు సరిగ్గా చట్రం కట్టించి, దానిలో నిలబడి వ్రాశాడు. రక్తం ఎండినట్టు ముదురు ఎరుపు, దానిమీద నలుపు. మనిషి లేడు, చెట్టు లేదు; మూసిన కిటికీల వంటి, గుమ్మాల వంటి ఆకారాలు మాత్రమే. కొన్ని 15 అడుగుల వెడల్పు ఉన్నవి. ఫ్లారెన్సులో మైకెలాంజిలో కట్టిన గ్రంథాలయం మెట్ల గదిలో గోడ చుట్టూ మూసిన కిటికీలున్నాయి. అక్కడ మనిషికి బయటకు దారిలేనట్టు తోస్తుందట. అదే తనకు కావాలన్నాడు. ఒక గదికి పట్టేవాటికన్నా చాలా ఎక్కువ, సుమారు 30 వరకు వ్రాశాడు.

1959 వేసవిలో కుటుంబంతో ఓడమీద ఐరోపా వెళుతూ, తోటి ప్రయాణికుడైన ఒక పత్రికా సంపాదకునితో మనసులోని మాట చెప్పాడు. ఆ గదిలో తినబోయే ధనవంతుల ఆకలి చచ్చిపోవాలనే ఈ పని ఒప్పుకున్నానన్నాడు. (ఆయన వాడిన మాట ఈ పత్రికలో వ్రాయదగినది కాదు.) సంపాదకుడు ఆ సంభాషణను 1970లో అచ్చువేశాడు.

తిరిగి వచ్చాక రోత్కో తన భార్యను తీసుకొని ఆ హోటలుకు భోజనానికి వెళ్ళాడు. చుట్టూ చూశాడు, ధరలు చూశాడు. ఇంత పెట్టి ఇటువంటి భోజనం తినేవాడు నా బొమ్మవైపు తలెత్తడు అన్న అర్థం వచ్చే మాట మరునాడు అన్నాడని ఆయన సహాయకుడు చెప్పాడు. తీసుకున్న సొమ్ము తిరిగి ఇచ్చివేశాడు. బొమ్మలు తనదగ్గరే ఉంచుకున్నాడు.

నాకిక్కడ ఒక సంగతి మింగుడుపడలేదు. హోటలు అని తెలిసే కదా ఒప్పుకున్నది? తినేవారిమీద కోపంతో వ్రాసిన బొమ్మ మంచిదెలా అవుతుంది? మా అబ్బాయి ఇలా అన్నాడు: "నాన్నా, కోపంతో మొదలుపెట్టి ఉంటాడు. రెండేళ్ళు వాటి మధ్య నిలబడేసరికి వాటిని తిట్టుగా వాడటానికి మనసొప్పి ఉండదు." అది వాడి ఊహే. అయినా ఆ సొమ్ము తిరిగి ఇవ్వడం చిన్న విషయం కాదని మాత్రం నేనూ ఒప్పుకుంటాను. ఎవరూ అడగలేదు, ఎవరూ నిలదీయలేదు. ఒక్క పూట భోజనానికి కూర్చొని లేచాడు, అంతే.

తొమ్మిది చిత్రాలను ఆయన 1969లో లండనులోని టేట్ గ్యాలరీకి ఉచితంగా ఇచ్చాడు. అవి లండను చేరింది 1970 ఫిబ్రవరి 25న. ఆ రోజే న్యూయార్కులో తన పనిగదిలో ఆయన శవం కనబడింది. తన ప్రాణం తానే తీసుకున్నాడు. వయస్సు 66. భార్యాబిడ్డలున్న మనిషి. లోపల ఏమి అనుభవించాడో!

హోటలు మరి కొన్నేళ్ళు కాదు, 2016 దాకా ఆ భవనంలోనే నడిచింది. పికాసో తెరను 2014లోనే దించారు. మరుసటి సంవత్సరం నుండి అది న్యూయార్కు చరిత్ర మ్యూజియంలో ఉంది. 2017లో అవే గదులలో వేరే యజమానులు వేరే పేరుతో భోజనశాల పెట్టారు. మేము లోపలికి వెళ్ళలేదు. కోడలు కట్టి ఇచ్చిన పులిహోర వాకిట్లో రాతి అరుగుమీద కూర్చొని తిన్నాము. ఎవరూ లేవమనలేదు.

మీ పిల్లలెవరైనా టెక్సాసులో హ్యూస్టన్ దగ్గర ఉంటే, వెళ్ళినప్పుడు రోత్కో చాపెల్ చూపించమనండి. ఒక దంపతులు 1964లో అడిగితే ఆయన దానికోసం 14 చిత్రాలు వ్రాశాడు. ఆయన పోయిన మరుసటి సంవత్సరం, 1971లో తెరిచారు. ప్రవేశానికి రుసుము లేదు. లోపల కూర్చోవడానికి బల్లలుంటాయి, చుట్టూ ఆ చీకటి రంగులే. మొదట ఏమీ కనబడదని చూచినవారు చెబుతారు. కళ్ళు అలవాటుపడేదాకా కొంతసేపు కూర్చోవాలట.